బ్రేకు వేసింది నేను కాదు

2023 ఏప్రిల్ 23

సుమియెకి,

ఇక్కడ ఆపిల్ మొగ్గలు ఇంకా విచ్చలేదు. ఎదురు కొండ నెత్తిన మంచు అలాగే ఉంది. నా ఒంట్లో బాగానే ఉంది.

కారు వచ్చింది. తెల్లది. మీ అబ్బాయి తకుమా నగోయా నుంచి తనే నడుపుకుంటూ తెచ్చాడు. ఒక పూటంతా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏది ఎందుకో చెప్పాడు. అన్నం తిని వెళ్ళమంటే రైలు తప్పిపోతుందని పరుగెత్తాడు. నువ్వు ఇంత పని చేస్తావనుకోలేదు. నీ మేలు మరువలేను అని రాయడం నాకు చేతకాదు. రాశాననుకో.

ఒప్పందం గుర్తుంది. నేను ఈ కారు నడిపితే, లైసెన్సు పోలీసులకి తిరిగి ఇచ్చెయ్యమని నువ్వు ఇక అడగవు. డెబ్బై ఎనిమిదేళ్ళవాణ్ణి ఇప్పుడు అందరూ అదే అడుగుతున్నారు. ఇచ్చేస్తే టాక్సీ కూపన్లు ఇస్తారట. మా కొండ మీదికి టాక్సీ రాదు. బస్సు ఆగిపోయి రెండేళ్ళయింది. పక్కింటి ఫుమినోగారిని బుధవారం బుధవారం మోకాళ్ళ సూదికి కింద ఊరి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేది నేనే. ఆమెకి ఎనభై నాలుగు. నేను మానేస్తే, ఆవిడ కూతురు ఆవిణ్ణి మత్సుమొతోలో వృద్ధుల హోములో పెడతానని ఎప్పటినుంచో అంటోంది. అందుకే నీ కారుకి ఒప్పుకున్నాను, నీ పోరు పడలేక కాదు.

ఈ కారు మాట్లాడుతుంది. ఆడగొంతు. ముందు జాగ్రత్త అంటుంది. చూస్తే ముందు ఏమీ ఉండదు. మొన్న డాక్టరు దగ్గరికి దిగుతుంటే తనంతట తనే బ్రేకు వేసుకుంది. నడుము పట్టేసినంత పనైంది. దిగి చూశాను. దారి మీదికి వాలిన నిరుటి ఎండు రెల్లు తప్ప ఏమీ లేదు. ఫుమినోగారు పక్కసీట్లో ఉన్నారు.

"దీనికి భయం ఎక్కువలా ఉందే తమోత్సూ. కొత్తగా కాపురానికొచ్చిన పిల్లలాగ" అన్నారు.

సీటు వెచ్చబడుతుందని మాత్రం మెచ్చుకున్నారు. ఇల్లు వచ్చాక దిగనన్నారు.

పాత ట్రక్కు షెడ్డులోనే ఉంది. ఎరువు బస్తాలు ఈ తెల్లదానిలో వెయ్యలేను. తోటకి అదే.

అన్న
తమోత్సు


మే 4

అన్నయ్యకి,

నీ ఉత్తరం చూసి మీ బావ ఫోటో ముందు పెట్టి చదివి వినిపించాను. ఇంత పొడుగు ఉత్తరం నువ్వు రాయడం నాకు తెలిసి ఇదే మొదలు. అందులో సగం కారుని తిట్టడానికే.

నగోయాలో అప్పుడే ఫ్యాను వేసుకుంటున్నాం. నా మోకాళ్ళకి ఏమీ లేదు, అడగలేదు గాని చెప్తున్నాను.

ఆ కారు ఎందుకు కొన్నానో నీకు చెప్పలేదు కదూ. ఫిబ్రవరిలో మా వీధి చివర మందుల షాపులోకి ఒక పెద్దాయన కారుతో సహా దూసుకుపోయాడు. బ్రేకు అనుకుని రెండోది తొక్కాడట. షాపు తెరవకముందు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. నేను కూరగాయలకి వెళ్తూ చూశాను. పగిలిన గాజుల మధ్య నిలబడి, వచ్చేపోయే ప్రతివాళ్ళకీ క్షమించండి క్షమించండి అంటున్నాడు. పాలవాడికి కూడా చెప్పాడు. వెనకనించి ఆయన మెడ అచ్చు నీ మెడలాగే ఉంది అన్నయ్యా, సన్నగా, ఎండకి కమిలిపోయి. ఇంటికొచ్చాక గాని కూరగాయలు తేలేదని గుర్తు రాలేదు.

అందుకని, రెల్లు చూసి ఆగిందని దాన్ని ఎగతాళి చెయ్యకు. ఎన్నిసార్లైనా ఉత్తినే ఆగనీ. ఏదో ఒకసారి అక్కడ మనిషే ఉంటే? నీ నడుముకి పట్టీ వేసుకోవచ్చు.

తకుమా ఒక మాట చెప్పమన్నాడు. ముందు అద్దం పైభాగంలో దానికి రెండు కళ్ళుంటాయి, కెమెరాలు. వాటికి అడ్డంగా ఏదీ వేలాడదియ్యకూడదు. నువ్వు గుడి తాయెత్తు కట్టే ఉంటావు. విప్పి సొరుగులో పెట్టు. దేవుడు సొరుగులోంచి కూడా చూడగలడు, కారు చూడలేదు.

ఆ ట్రక్కు అమ్మెయ్. దానికి బ్రేకు ఉందో లేదో కూడా నాకు అనుమానమే.

చెల్లెలు
సుమియె


జూన్ 15

సుమియెకి,

వాన పట్టుకుంది. తాయెత్తు విప్పాను. ట్రక్కు సంగతి ఒప్పందంలో లేదు. దానికి బ్రేకు ఉంది. నేను తొక్కితే పడుతుంది, తొక్కకపోతే పడదు. బ్రేకంటే అదే.

మన ఊరి కరసావా నాతో మాట్లాడటం మానేశాడు. నీ కారు వల్ల.

మా దారి నీకు తెలుసు. ఒక్క బండి పడుతుంది. రెండు ఎదురుపడితే, వెడల్పు చోటుకి ఎవరు దగ్గర ఉంటే వాళ్ళు వెనక్కి వెళ్ళాలి. నాన్న ఎద్దుబండి తోలిన రోజుల్నించీ అంతే. శనివారం నేను పైకి వస్తున్నాను. కరసావా కట్టెల లోడుతో దిగుతున్నాడు. వెడల్పు చోటు నా వెనకే ఉంది. వెనక్కి గేరు వేశాను. కాస్త కదిలిందో లేదో కీచుమని బ్రేకు వేసుకుంది. మళ్ళీ వేశాను. మళ్ళీ అంతే. వానలకి అంచున గడ్డి ఏపుగా పెరిగింది కదా, ఆ గడ్డిని చూసి గోడ అనుకుంటోంది.

కరసావా అద్దం దించాడు.

"ఏమయ్యా తమోత్సూ, కొత్త కారు వస్తే వెనక్కి వెళ్ళడం మర్చిపోయావా?"

"నేను వెళ్తాననే అంటున్నాను. ఇదే పోనంటోంది."

"ఓహో. అయితే మీ ఇంట్లో ఇప్పుడు యజమాని అదన్నమాట."

ఆ కట్టెలతోటే బండిని కొండ మలుపు దాకా వెనక్కి ఎక్కించుకున్నాడు. నేను దాటేటప్పుడు ఇటు చూడలేదు. ఊరి మీటింగులో వీపు చూపించి కూర్చున్నాడు. ఏటా పళ్ళు కోసేటప్పుడు నా నిచ్చెన పట్టుకునేది అతనే.

అందుకని ఒక పని చేస్తున్నాను. స్టీరింగు పక్కన మీట ఉంది. కాసేపు నొక్కి పట్టుకుంటే అది నోరు మూసుకుంటుంది, తనంతట బ్రేకూ వెయ్యదు. ఇంజను ఆపి మళ్ళీ వేస్తే మేలుకుంటుంది. కొండ దారి ఎక్కేముందు రోజూ నొక్కేస్తున్నాను. ఇప్పుడు హాయిగా ఉంది.

తమోత్సు


జూన్ 22

అన్నయ్యకి,

హాయిగా ఉందా? నేను దానికి కళ్ళు పెట్టించి పంపిస్తే నువ్వు గంతలు కట్టావా?

నువ్వు రాయనిది కూడా నాకు అర్థమైంది. తగిలించావు. ఊరికే వీపు చూపించి కూర్చునేవాడా కరసావా? చిన్నప్పుడు వాళ్ళ గోడ మీంచి దూకి ముల్లంగి దొంగిలించినా నవ్వి ఊరుకున్నారు వాళ్ళు. బంపరు గీసుకున్నావో, అద్దం విరగ్గొట్టావో, చెప్పడానికి సిగ్గుపడి గడ్డి మీద పెట్టావు. నీ సంగతి నాకు తెలియదా. నీ తరఫున అతనికి క్షమాపణ రాసి, ఇక్కడి బియ్యప్పిండి మిఠాయి పెట్టె పంపించాను. నువ్వూ వెళ్ళి ఒక మాట చెప్పు.

నిజంగా గడ్డే అయితే గడ్డి కొయ్యి. కొడవలి మనింట్లో లేకపోతే చెప్పు, అది కూడా పోస్టులో పంపిస్తాను. అడ్డం ఉన్నది తియ్యాలి గాని చూసే కళ్ళు పొడుస్తామా? మీట ముట్టుకున్నావని ఇంకోసారి తెలిస్తే ఒప్పందం లేదు, ఏమీ లేదు. లైసెన్సు ఇచ్చెయ్యమని వారం వారం రాస్తాను.

సుమియె


జులై 12

సుమియెకి,

ఎండలు మొదలయ్యాయి. కాయలు నిమ్మకాయలంత అయ్యాయి.

నువ్వు పంపిన మిఠాయి కరసావాకి అందింది. ఏమీ అర్థం కాక, గీత ఎక్కడ పడిందా అని తన బండి చుట్టూ వెతుక్కున్నాడట. ఎప్పటిదో ఒక సొట్ట కనిపించింది. అది నేను చేసిందే అనుకుంటున్నాడు ఇప్పుడు. నేను కాదన్నాను. మీ చెల్లెలే రాసిందిగా అన్నాడు. ఏం చెప్పను.

గడ్డి కోశాను. నీ మాట విని కాదు, నడుము నొప్పి ఎక్కువై. మొదటిరోజు ఒక్కణ్ణే. రెండోరోజు అవతలి కొస నుంచి మిషను చప్పుడు వినపడింది. కరసావా కోసుకుంటూ వస్తున్నాడు. ఇద్దరం మధ్యలో కలుసుకున్నాం. నీళ్ళు తాగాం. అతనే ముందు అన్నాడు.

"మీ చెల్లెలి మిఠాయి మరీ తియ్యగా ఉంది."

"నగోయా వాళ్ళు అంతే."

మర్నాడు ఎదురుపడినప్పుడు నేను వెనక్కి వెళ్ళాను. కారు పేచీ పెట్టలేదు. అతను లైటు ఆడించి వెళ్ళాడు.

మీట ముట్టుకోవడం లేదు. కానీ ఒక మాట రాయాలి. కారు మనిషిని కాపాడుతుందని కొన్నావు. ఇద్దరు ముసలివాళ్ళు రెండు రోజులు ఎండలో గడ్డి కోస్తే గాని అది ఈ దారిలో నడవలేకపోయింది. నా ట్రక్కు కోసం ఇన్నేళ్ళలో ఎవరూ గడ్డి కొయ్యలేదు.

తమోత్సు


అక్టోబరు 6

అన్నయ్యా,

ఫోను ఎందుకు ఎత్తవు?

ఆపిల్ పెట్టెలు చెప్పుకుందామని కరసావా భార్యకి ఫోను చేస్తే, "మీకింకా తెలియదా" అంది. బుధవారం ఫుమినోగారు నీ కారు ముందు రోడ్డు మీద పడి ఉన్నారట. చెయ్యి పట్టుకుని ఉన్నారట. నువ్వే ఆసుపత్రికి తీసుకెళ్ళావట. పొలంలోంచి తను కళ్ళారా చూసిందట.

గుద్దావు కదూ. మీట నొక్కేశావు కదూ. ఆవిడ ఎలా ఉందో అదైనా చెప్పు.

తిట్టడానికి కూడా ఓపిక లేదు నాకు. మందుల షాపు దగ్గర ఆ పెద్దాయన్ని చూసినప్పటినుంచీ ఈ కబురు కోసమే ఎదురుచూస్తున్నట్టుంది. తకుమా, నేను ఆదివారం వస్తున్నాం, పదిహేనో తారీకున. కారు తాళం, ట్రక్కు తాళం, రెండూ తీసుకెళ్తాం. లైసెన్సు ఇచ్చెయ్యడానికి నేనే నీతో పోలీసుస్టేషనుకి వస్తాను. నీకు సిగ్గైతే నువ్వు బయట నిలబడు, నేను మాట్లాడతాను.

సుమియె


అక్టోబరు 9

సుమియెకి,

ఫోనులో నాకు మాట రాదు. అందుకని ఎత్తలేదు. రాస్తాను.

గుద్దలేదు. కారు ఆమెకి తగల్లేదు. చెయ్యి బెణికింది, ఎముక విరగలేదు, ఫోటో తీసి చూశారు. మీట నొక్కలేదు.

బుధవారం డాక్టరు దగ్గర్నించి వచ్చాం. ఆమె ఇంటి ఎదురుగా, ఎప్పుడూ ఆపేచోటే ఆపాను. అక్కడ దారి కిందికి వాలుగా ఉంటుంది. ఆమె దిగి, కారు ముందు నుంచి దాటి, గుమ్మం దగ్గర ఇటు తిరిగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నాకు వంగి నమస్కరించింది. నేనూ స్టీరింగు మీదికి వంగాను. ప్రతి బుధవారం అంతే. ఆమె నాకంటే పెద్దది. పెద్దవాళ్ళ కంటే ముందు తల ఎత్తకూడదని మనకి చెప్పి పెంచారు. ఆమె ఇంకా వంగే ఉందనుకుని నేను ఇంకా వంగి ఉన్నాను. ఆమె ఎప్పుడో లేచింది. మందుల సంచి కార్లో మర్చిపోయానని గుర్తొచ్చి మళ్ళీ రోడ్డు మీదికి వచ్చింది.

వంగేసరికి నా కాలు బ్రేకు మీంచి జారింది. నాకు తెలియలేదు. కారు కదిలింది. అదీ తెలియలేదు. దబ్బున ఆగి, కీచుమని అరిచింది. బెల్టు నా ఛాతీని పట్టుకుంది. తల ఎత్తితే ఆమె రెండు చేతులూ బానెట్టు మీద ఉన్నాయి. నావైపే చూస్తోంది. తర్వాత మెల్లగా కిందికి జారి కూర్చుండిపోయింది. చెయ్యి బెణికింది అప్పుడు.

నేను దిగాను.

"తమోత్సూ, నన్ను గుద్దావా?"

"లేదక్కా."

"మరి నేనెందుకు కూర్చున్నాను?"

"భయపడి."

"నేను భయపడలేదు. నీ కారు అంతలా అరిస్తే మర్యాద కోసం కూర్చున్నాను."

బ్రేకు వేసింది నేను కాదు. ఇది నీకు స్పష్టంగా రాస్తున్నాను. ఫుమినోగారి కూతురికి కూడా ఫోను చేసి ఇదే చెప్పాను. మాట రాకపోయినా చెప్పాను.

నువ్వు గెలిచావని సంబరపడతావు. ఇంకొకటి కూడా విను. ట్రక్కులో ఆపానంటే గేరు తీసేసి హ్యాండ్‌బ్రేకు లాగుతాను. కాలు ఎక్కడున్నా అది కదలదు. ఇన్నేళ్ళూ అలాగే వంగాను. ఈ తెల్లది మనం ఆపినా ఆగినట్టు కాదు. కాలు తీస్తే చాలు, పాకుతుంది. కాబట్టి ఆమెని కాపాడింది నీ కారే, ఆమె మీదికి వెళ్ళింది కూడా నీ కారే. నడిపిన వాణ్ణి నేను. తప్పు నాది. దాన్ని నీ కారు మీద పెట్టను, నా వయసు మీద పెట్టనివ్వను.

లైసెన్సు ఇవ్వను. ఆదివారం వస్తే రండి, కొత్త బుక్‌వీట్ పిండి వచ్చింది, నూడుల్స్ చేస్తాను. తాళాలు మాత్రం ఇవ్వను.

తమోత్సు


అక్టోబరు 13

అన్నయ్యకి,

నీ ఉత్తరం తకుమా, నేను ఒకరి భుజం మీంచి ఒకరం చదివాం. గుద్దలేదన్న చోట నేను చదవడం ఆపేసి కాసేపు బయటికి వెళ్ళొచ్చాను. మీట నొక్కావని అన్నందుకు ఏమీ అనుకోకు. సొట్ట గురించి కరసావాకి కూడా రాస్తాను.

సంబరపడటం లేదు. ఈ కారు కొంటే నా భయం పోతుందనుకున్నాను. ఇప్పుడు రెండు భయాలు, ఒకటి నీ గురించి, ఒకటి దాని గురించి. తకుమా మథనపడుతున్నాడు, మామయ్య చెప్పింది నిజమే, అది పాకుతుంది, ఆ రోజు కూర్చోబెట్టి చెప్పినప్పుడు ఆ ఒక్కటీ గట్టిగా చెప్పలేదు అని. ఇంకా ఏమన్నాడో విను. సాయంత్రం ఎండ సూటిగా పడితే దానికి కళ్ళు కనపడవట. మంచు పేరుకుంటే అసలే కనపడవట. ఒకసారి ఆపింది కాబట్టి రెండోసారీ ఆపుతుందని అతను నాకు మాట ఇవ్వలేనన్నాడు. అలాంటివి తయారుచేసే చోట పనిచేసేవాడే అంటున్నాడు. ఇంకో నెలకి మీకు మంచు. అప్పుడు నువ్వు తల వంచితే ఎవరు చూస్తారు?

ఫుమినోగారి కూతురు నాకు ఫోను చేసింది. ఏడ్చింది. అమ్మని నెలాఖరుకి తీసుకెళ్ళిపోతానంది. నువ్వు నీ నోటితో చెప్పినందుకు నీ మీద కోపం లేదట. కానీ తీసుకెళ్తుందట. నీ మొండితనం ఎవరి ఇల్లు నిలబెట్టడానికో, ఆ ఇల్లే పోతోంది అన్నయ్యా.

నేను ఆదివారం రావడం లేదు. వస్తే నీ నూడుల్స్ తిని మెత్తబడిపోతాను. తాళాలు నువ్వే పంపించు.

సుమియె


నవంబరు 12

సుమియెకి,

కోతలు సగం అయ్యాయి. కరసావా నిచ్చెన పట్టుకున్నాడు. ఈసారి ఎర్రగా పండాయి. ఒక పెట్టె వేరే పంపాను.

తాళాలు పంపలేదు. ఎందుకో రాస్తాను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు కింద ఊరి డ్రైవింగు స్కూలుకి వెళ్ళాను. ఎవరూ పిలవలేదు. నా పక్కన కూర్చుని నేను నడపగలనో లేదో చెప్పండి అని అడిగాను. ఇలా అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరన్నారు. ఫుమినోగారి కూతుర్ని కూడా రమ్మన్నాను. ఆవిడ వెనక సీట్లో కూర్చుంది. మళ్ళీ ఫోను చెయ్యాల్సి వచ్చింది నాకు.

నేర్పే అమ్మాయికి ముప్పై కూడా ఉండవు. స్కూలు కారులో కొండ దారి అంతా తిప్పించింది. ఒక చోట ఆపమంది. ఆపాను. గట్టిగా వంగండి తాతగారూ అంది. వంగాను. ఆ కారూ పాకింది. ఆమె తన వైపు బ్రేకు తొక్కింది.

"మీ కాలు ఇంకా ట్రక్కులోనే ఉంది" అంది. "పొద్దున ఒక బండి, సాయంత్రం ఒక బండి అంటే ఏ కాలికైనా కష్టమే. ఏదో ఒకటి పెట్టుకోండి. కళ్ళు బాగున్నాయి. చెయ్యి బాగుంది. మర్యాదే ఎక్కువైంది."

వెనక నుంచి ఫుమినోగారి కూతురు అడిగింది.

"మంచు పడితే?"

"మంచు పడిన రోజు నడపను. కరసావాని అడుగుతాను."

"అతను రాకపోతే?"

"సూది వారం ఆగుతుంది. మీ అమ్మగారు ఆగరు, నా ప్రాణం తీస్తారు. అయినా నడపను."

ఆమె దిగేటప్పుడు, వచ్చే వసంతం దాకా చూస్తానంది. అంతకంటే ఇవ్వలేదు. అది చాలు నాకు.

ట్రక్కు ఇచ్చేశాను. నీకు ఇష్టమని కాదు. రెండింటిలో ఏది ఉంచుకోవాలో నేను చాలా ఆలోచించాను. నాకు తెలిసింది ట్రక్కు. కానీ ఆ రోజు నేను తల దించుకుని ఉంటే చూసింది ఈ తెల్లది. మళ్ళీ చూస్తుందని నమ్మను. అయినా చూడగలిగిన దాన్ని పెట్టుకుని, అది చూడదన్నట్టే నడుపుతాను. కరసావా వచ్చి ట్రక్కు తోలుకుపోయేటప్పుడు నేను బయటికి రాలేదు. మలుపు దాకా గేర్ల చప్పుడు వినపడింది. మూడో గేరు వెయ్యడం అతనికి రాదు. ఎరువు బస్తాలు కూడా ఇక అతనే మోస్తానన్నాడు, నీ మిఠాయి ఇంకొకటి పంపకుండా ఉంటే.

ఇప్పుడు బుధవారం సంగతి. కారు ఆపగానే గేరు తీసి, హ్యాండ్‌బ్రేకు లాగి, అప్పుడు వంగుతానని ఫుమినోగారికి చెప్పాను. ఆమె వద్దంది.

"అసలు వంగొద్దు. నువ్వూ వద్దు, నేనూ వద్దు. ఎనభై నాలుగేళ్ళు అందరికీ వంగాను, చాలదా?"

"ఊళ్ళో ఏమనుకుంటారక్కా?"

"ఏమైనా అనుకోనీ. హోములో పడుకుని కిటికీకి వంగడం కంటే నయం."

అందుకని మానేశాం. ఆమె దిగి, వెనక్కి తిరక్కుండా నడిచి వెళ్ళిపోతుంది. నేను కట్టెలాగ కూర్చుంటాను. మొదటి బుధవారం మెడ నొప్పెట్టింది, వంగకుండా ఆపుకోవడానికి. మేమిద్దరం పోట్లాడుకున్నామని ఊరంతా అనుకుంటోంది. చెయ్యి విరగ్గొట్టాడట, పలకరింపుల్లేవట అని దుకాణంలో చెప్పుకుంటున్నారు. కరసావా భార్య రాజీ చెయ్యడానికి ఊరగాయ డబ్బా పట్టుకుని వచ్చింది. ఊరగాయ తీసుకున్నాను. రాజీ పడలేదు.

నువ్వు వారం వారం రాస్తానన్నావు, రాయి. చదువుతాను. లైసెన్సు ఇవ్వను. తల వంచితే ఆమె కనపడదు. ఆమె గుమ్మం ఎక్కి, చెప్పులు విడిచి, తలుపు మూసుకునేదాకా నేను కళ్ళు దించడం లేదు. మర్యాద తెలియనివాడంటే అననీ.

అన్న
తమోత్సు